కారు కింద మూడు నెలలు

ఏమండీ,

లేవగానే కారు కింద పరుచుకోవడానికి పాత దుప్పటి వెతక్కండి. కారు నేను తీసుకెళ్తున్నాను. దుప్పటి ఉతికి ఆరేశాను, వాన వచ్చేలోపు తీయండి. పాలు కాచి మూతపెట్టాను.

నిన్న మీరు డ్యూటీకి వెళ్ళాక కారుని షెడ్డుకి తీసుకెళ్ళాను. కోపం తెచ్చుకోకండి. మూడు నెలలుగా మీరు దాని కింద పడుకుని ఆ చప్పుడు ఎక్కడిదా అని చెవులు రిక్కించడం, నేను సీట్లో కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పడం. షాకబ్జర్లు మార్చారు, బుష్‌లు మార్చారు. చప్పుడు మాత్రం మారలేదు.

మెకానిక్ కిందకి దూరనేలేదు. "రోజూ నడిపేది మీరే కదమ్మా, చేతికేం తెలుస్తోంది?" అన్నాడు. కుడికి తిప్పితే అరచేతిలో టక్కున తగులుతోందని చెప్పాను. ముందు కుడి చక్రం పైకెత్తి ఊపి చూశాడు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ అరిగిపోయిందట. ఇంకొన్నాళ్ళు ఆగితే చక్రం దాని దారిన అది పోయేదట. పాపని రోజూ బడికి అందులోనే దింపుతున్నాం.

కొత్తది వేయించాను. పాతది బల్ల మీద ఉంది, ఊపి చూడండి. మీరు వెతికిన చప్పుడే.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మన పని. మీ తమ్ముడు అడిగితే మీరే కనిపెట్టారని చెప్తాలెండి.

అన్నట్టు, ఆ టక్కుమనడం గురించి మొదటి రోజే చెప్పబోయాను. "కాసేపు మాట్లాడకు, చప్పుడు విననీ" అన్నారు.