గాజు గిన్నెలో దానిమ్మ రసం

2004 ఆగస్టు, ఆదివారం రాత్రి. పోతిరెడ్డిపల్లి.

రేపు పొద్దున నాయినను ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేర్చాలి. సాయంత్రం ఆయన ఉన్నట్టుండి రానన్నాడు.

"కత్తితోని కోయించుకునుడు ఎందుకే? దానిమ్మ రసానికి ప్రోస్టేట్ క్యాన్సర్ చస్తదని నువ్వే సదివినవు గద."

చదివింది నిజమే. గాజు గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాల మీద దానిమ్మలోని పదార్థాలు వేస్తే అవి పెరగడం ఆగిందని పేపర్లో వచ్చింది. నాయిన గాజు గిన్నె అన్న మాటే పట్టుకున్నాడు. అప్పటి నుంచి స్టీలు గ్లాసు ముట్టకుండా గాజు గిన్నెలోనే రసం తాగుతున్నాడు. "నవాబు లెక్క తాగుతుండు సూడు" అని అమ్మ నవ్వితే నేనూ నవ్వాను. ఈ రోజు నవ్వు రాలేదు.

ఆయనకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఈసారి చెప్పాను.

"నాయినా, గా గిన్నెల మనిషి లేడు. ఉత్త కణాలే ఉన్నయి. నువ్వు తాగింది కడుపులకు పోతది. ఆడికెళ్లి గడ్డ దాకా ఎంత పోతదో, పోయి ఏం చేస్తదో ఇంకా ఎవ్వరికీ తెల్వదు."

అమ్మ సర్దిన ఆసుపత్రి సంచీ వైపు చూశాడాయన.

"ఆడ డాక్టర్ ఏమేమో అడుగుతడు. ఒంటికి పోయే ముచ్చట్లు. నాకు సిగ్గయితది బిడ్డా. నువ్వే చెప్పాలె."

అయితే ఆయన భయం కత్తికి కాదు, ఆ ప్రశ్నలకన్నమాట.

నాకూ సిగ్గే. కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు ఆ మాటలు ఇంగ్లిషులో కూడా నేర్పలేదు. అయినా చెప్తానన్నాను. వస్తానని మాత్రం ఆయన ఇంకా అనలేదు.