బస్సు దారి మళ్ళించిన కండక్టరమ్మ వీలునామా

ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన కండక్టరును, వయసు అరవై మూడు, ఈ వీలునామాను నా సొంత చేతిరాతతో రాస్తున్నాను. నా మతి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టి పని చేయించగల మనిషి ఇంకా పుట్టలేదని డిపోలో ఎవరిని అడిగినా చెబుతారు. నాకు పెళ్ళి కాలేదు. తమ్ముడి జబ్బు కోసం త్యాగం చేశానని ఎవరైనా అంటే నమ్మవద్దు. నచ్చినవాడు దొరకలేదు, అంతే.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఒక్కగానొక్క తమ్ముడిది. వాడు బోర్డులు రాసే పెయింటరు. ముప్పై ఒకటో ఏట వాడి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. "ఐదేళ్ళు గడిస్తే గొప్పేనమ్మా" అని పెద్ద డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఇప్పుడు వాడికి యాభై ఎనిమిది. నా తర్వాత నా ఆస్తి పంచడానికి వాడుంటాడన్న ధీమాతో ఈ వాక్యం రాస్తున్నాను. ఇలా రాయగలగడం కంటే నాకు వేరే గెలుపు లేదు. ప్రభువుకు స్తోత్రం.

1. మేడమీది రెండు గదుల ఇల్లు మరదలికి, తమ్ముడికి సమానంగా, సర్వహక్కులతో చెందాలి. కాగితాల్లో మరదలి పేరే ముందుండాలి. తొమ్మిదేళ్ళు ఆమె తమ్ముడి పథ్యం కోసం కూరగాయల్ని ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి, ఉప్పు లేకుండా వండింది. అదే కూర తనూ తింది. ఒక్కరోజు మొహం చిట్లించలేదు. నేను చాలాసార్లు చిట్లించాను. అందుకు ఇక్కడ లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

2. పెద్ద అక్షరాల బైబిలు తమ్ముడికి. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు వాడు డయాలసిస్ మిషను పక్కన పడుకునేవాడు. ఎడమచేతికి రెండు సూదులు. ఒకదాంట్లోంచి రక్తం బయటికి వచ్చేది, రెండోదాంట్లోంచి శుభ్రమై లోపలికి వెళ్ళేది. నేను పొద్దుటి షిఫ్టు దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చి, స్టూలు లాక్కుని చదివేదాన్ని. మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఆరుసార్లు పూర్తిచేశాం. ఎవరికి ఎవరు పుట్టారో చెప్పే ఆ పేర్ల వరసలు దాటేద్దామని చూస్తే ఒప్పుకునేవాడు కాదు. "అన్ని స్టాపుల్లో ఆపాల్సిందే అక్కా, ఎక్స్‌ప్రెస్ కొట్టకు" అనేవాడు. పక్క మంచాలవాళ్ళు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత నాకు సెలవు దొరకని రోజున, "మీ అక్కేదయ్యా, మొన్న కథ సగంలో ఆపేసింది" అని వాడి మీద పడేవాళ్ళట.

3. నా కొత్త తోలు కళ్ళజోడు పెట్టె మా సంఘ పెద్దకు. జబ్బు మొదలైన రెండో ఏడు, ఒక ఆదివారం ఆయన మందిరంలో లేచి, "మిషనును నమ్ముకున్నవాడు దేవుణ్ణేం నమ్ముతాడు? సూదులు మాని ప్రార్థనలో నిలబడితే స్వస్థత అదే వస్తుంది" అన్నాడు. తమ్ముడు తల దించుకున్నాడు. సోమవారం ఆస్పత్రికి రానన్నాడు. బుధవారానికి వాడికి ఊపిరి అందలేదు. మొహం గుమ్మడికాయలా ఉబ్బిపోయింది. నేనూ మరదలూ చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్ళాం. మరుసటి ఆదివారం నేను లేచాను. "అయ్యా, ముందు మీరు ఆ కళ్ళజోడు తీసేసి వాక్యం చదవండి. మీ విశ్వాసానికి ఎన్ని లైన్లు కనబడతాయో చూద్దాం" అన్నాను. ముందుగా నవ్వింది పాస్టరుగారే. తమ్ముడు మళ్ళీ ఏనాడూ డయాలసిస్ మానలేదు. పెద్దాయన నాలుగేళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనకు షుగరొచ్చి, ఇన్సులిన్ సూది చూసి వణుకుతుంటే, వాళ్ళింటికి వెళ్ళి పక్కన కూర్చుని నేర్పించింది తమ్ముడే. నేనైతే వెళ్ళేదాన్ని కాదు. ఈ పెట్టె వెటకారమా ప్రేమా అని ఆయన అడిగితే, రెండూ అని చెప్పండి.

4. ఫ్రేము కట్టించిన మెమో నా మేనకోడలికి. దాని కథ ఇది.

నా కిడ్నీ ఒకటి ఇద్దామని పరీక్షలన్నీ చేయించుకున్నాను. కుదరదన్నారు. దేవుడి మీద కోపంతో మూడు నెలలు మందిరం గడప తొక్కలేదు. చివరికి తమ్ముడే, "ఆయనేమన్నా నీ బస్సు ప్యాసింజరా అక్కా, నచ్చలేదని మధ్యలో దించేయడానికి?" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. ఆ ఆదివారం వెళ్ళాను.

చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించి ఎదురుచూశాం. తొమ్మిదో ఏట, కుండపోత వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, డ్యూటీలో ఉండగా తమ్ముడి ఫోను వచ్చింది. "కిడ్నీ దొరికిందట అక్కా. రెండు గంటల్లో రమ్మన్నారు. రోడ్డంతా నీళ్ళు, ఒక్క బండీ లేదు." వాడి దుకాణం మా రూటులోనే ఉంది. చేతుల నిండా రంగుతో వాడు బస్సెక్కాడు. ఆస్పత్రి మాత్రం మా రూటు కాదు. నేను విజిలు ఊది, "మా తమ్ముడికి కిడ్నీ దొరికింది. బస్సు ఆస్పత్రికి తిప్పుతున్నాం. వద్దనుకునేవాళ్ళు ఇక్కడే దిగండి" అన్నాను. బస్సులో పంతొమ్మిది మంది. ఎవరూ కదల్లేదు. ముందు సీటులో చేపల గంప పెట్టుకున్న పెద్దావిడ మాత్రం అరిచింది: "నా చేపలకేం తల్లీ, అవి చచ్చే ఉన్నాయి! ముందు మనిషిని చేర్చు!" డ్రైవరు స్టీరింగు తిప్పాడు. దారి పొడవునా ఎవరి దేవుడికి వాళ్ళు మొక్కుకున్నారు. నేను ఎవరినీ ఆపలేదు.

మూడో రోజున, అనుమతి లేకుండా దారి మళ్ళించినందుకు ఈ మెమో ఇచ్చారు. నా సర్వీసులో నాకొచ్చిన ఏకైక ప్రశంసాపత్రం ఇదే. మేనకోడలు ఇప్పుడు అదే డిపోలో అసిస్టెంటు మేనేజరు. తను దీన్ని టేబులుకు ఎదురుగా తగిలించుకోవాలి. ఎవరికైనా మెమో రాసేముందు ఒకసారి చూడాలి.

5. ఇందులో ఆస్తి ఏమీ లేదు, అయినా రాస్తాను. డయాలసిస్ ఏళ్ళలో తమ్ముడికి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఆపరేషను మర్నాడు పొద్దున్న సిస్టరు మూత్రం సంచీని కిటికీ వెలుగులోకి ఎత్తి, "చూడండమ్మా, నిండింది" అంది. నేను "స్తోత్రం!" అని పెట్టిన కేకకు కింది అంతస్తు నుంచి సెక్యూరిటీ పరిగెత్తుకొచ్చాడు. నేనూ మరదలూ వరండాలో గంతులేశాం. అంత మంచి పసుపు రంగు తన డబ్బాల్లో ఏనాడూ కలవలేదని పెయింటరే ఒప్పుకున్నాడు. ఆ కిడ్నీకి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. రాజాలా పనిచేస్తోంది.

6. బ్యాంకులో ఉన్నదంతా ఆ డయాలసిస్ వార్డుకు చెందాలి. దాంతో రోగుల వెంట వచ్చేవాళ్ళకు బస్సు పాసులు కొనాలి. రోగి గురించి అందరూ అడుగుతారు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళు ఎలా వచ్చారని ఎవరూ అడగరు.

7. ఆ రోజు బస్సు నడిపిన డ్రైవరుకు ఏమీ రాయడం లేదు. సాక్షికి ఏమీ రాయకూడదట. సాక్షి సంతకం ఆయన తప్ప ఇంకెవరు పెట్టినా నేనొప్పుకోను.

8. నా కళ్ళు దానం చేయాలి. నేను పోయిన ఆరు గంటల్లోపే తీయాలి గనుక, తమ్ముడూ, ముందు ఫోను చెయ్యి, తర్వాత ఏడువు. నీకు కిడ్నీ ఇచ్చిన మనిషెవరో మనకు చెప్పలేదు. కానీ వాళ్ళింట్లో ఒక అక్కో, అమ్మో ఆ వానలో కూర్చుని ఏడుస్తూనే కాగితం మీద సంతకం పెట్టి ఉంటుంది. నువ్వూ అలాగే పెట్టు.

తేదీ: 2025 జూన్ 23, సోమవారం.

(సంతకం) అక్క, రిటైర్డు కండక్టరు

సాక్షులు:
1. ఆ బస్సు డ్రైవరు, డిపోలో అందరూ పిలిచే పేరు "బ్రేకు"
2. సంచీని వెలుగులోకి ఎత్తి చూపించిన సిస్టరు