వెనక గదిలో మూడు లైట్లు

ఏప్రిల్ 7, మంగళవారం
ఆయన మాటల క్లాసు మళ్ళీ పోయింది. ఫోన్‌లో మేడమ్ మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయింది. మంచం మీద ఆయనా నోరు తెరిచే ఉన్నారు. ఇద్దరూ "ఆ" దగ్గరే...

నెట్ డబ్బా ముందు దుకాణంలో. మధ్యలో గోడౌన్, చింతపండు బస్తాలు, రెండు మందపాటి గోడలు. వెనక గది దాకా ఏ సిగ్నలూ రాదు. కోంటాలో ఈ రోడ్డు మీద ఇళ్ళన్నీ ఇంతే. ముందు దుకాణం, దాని వెనక పొడుగ్గా సంసారం.

దుకాణంలో కూర్చుని నేర్చుకోమంటే కూర్చోరు. ఒక్కసారి కూర్చోబెట్టాను. ఎవరో సగం దించిన షట్టర్ కింద నుంచి తొంగి చూసి, సేఠ్ మూతి వంకర పోయిందే అన్నాడు. ఆయన గోడ వైపు తిరిగారు. అంతే.

ఏప్రిల్ 8
పక్షవాతం వచ్చి మూడు నెలలు. మాట రావాలంటే మొదటి నెలలే ముఖ్యమట, డాక్టర్ అన్నాడు. జగదల్‌పూర్‌లో నేర్పేవాళ్ళు హిందీలో నేర్పుతారు. ఆయనకి ఇంట్లో మాట తెలుగు. అందుకే ఈ హైదరాబాద్ మేడమ్, వారానికి రెండుసార్లు, ఫోన్‌లో. పోయిన ప్రతి క్లాసూ నా గుండెల మీద కూర్చుంటోంది.

పాపకి చెప్పాను. జగదల్‌పూర్ హాస్టల్ నుంచి అన్నిటికీ దాని దగ్గర మందుంటుంది. "కరెంటు తీగల్లోంచే నెట్ పోతదమ్మా. రెండు డబ్బాలు వస్తయ్. ఒకటి దుకాణంలో, ఒకటి నాన్న గదిలో గుచ్చు."

కరెంటే నిలకడగా ఉండని ఊళ్ళో కరెంటు మీద నెట్. నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక, పంపించు అన్నాను.

ఏప్రిల్ 11
బస్సు కండక్టర్ పొట్లం ఇచ్చి వెళ్ళాడు. సబ్బు పెట్టెలంత తెల్ల డబ్బాలు, రెండు. గుచ్చాను. ఏమీ లేదు.

ఏప్రిల్ 12
నా తెలివే. ఇక్కడ కరెంటు పడి లేచిన ప్రతిసారీ ఏదో ఒకటి కాలుతుంది. అందుకని ఫ్రిజ్ దగ్గర్నుంచి చార్జర్ దాకా అన్నీ స్టెబిలైజర్ బోర్డుకే. వీటినీ అలాగే భద్రంగా పెట్టాను. పాప తిట్టింది, నేరుగా గోడకే గుచ్చాలట, మధ్యలో ఆ బోర్డు ఉంటే నెట్‌ని మింగేస్తుందట.

భయపడుతూనే గోడకు గుచ్చాను. మూడు లైట్లూ వెలిగాయి. ఒకటి కరెంటుకి, ఒకటి రెండు డబ్బాలూ కలిసినందుకు, ఒకటి నెట్‌కి. ఆయన మొహంలో ఎడమ పక్క కాస్త కదిలింది. నవ్వే అనుకుంటా.

ఏప్రిల్ 14, మంగళవారం
రెండింటికి క్లాసు. బాగా మొదలైంది. నేను మధ్యాహ్నానికి దుకాణం కట్టేయడానికి లేచాను. ఉన్న ఇద్దరినీ పంపి, మెయిన్ దించి, షట్టర్ దించి, తాళం వేసి, సందులోంచి వెనక్కి వచ్చేసరికి తెర ఆగిపోయి ఉంది. గదిలో డబ్బాకి ఒక్కటే లైటు. ఆయన మంచం దిగబోతుంటే ఆపి కూర్చోబెట్టాను. మళ్ళీ ముందుకి పరిగెత్తి, షట్టర్ ఎత్తి, లైటు వేసి చూస్తే అక్కడ డబ్బా నిక్షేపంగా వెలుగుతోంది.

నేను తిరిగొచ్చేసరికి నెట్ ఉంది, మేడమ్ లేదు. మనకి అరగంటే. తర్వాత ఇంకో రోగి.

ఏప్రిల్ 16
మళ్ళీ అదే. పది నిమిషాలు, తర్వాత ఒక్క లైటు.

ఏప్రిల్ 18
దోర్నపాల్ నుంచి కరెంటు మిస్త్రీ వచ్చాడు, పొద్దున పదకొండింటికి. అతను ఉన్నంతసేపూ మూడు లైట్లూ బుద్ధిగా వెలిగాయి. "ఏంది వదినా, దీనికేం బీమారీ లేదు. మీటర్ ఒక్కటే, లైన్ ఒక్కటే. మీరే పరేషాన్ అయితున్నరు." టీ తాగి వెళ్ళాడు.

నిజమే, పరేషాన్ నేనే.

ఏప్రిల్ 21, మంగళవారం
నెట్ పోగానే ఆయన లేచి గోడౌన్ వైపు నడిచినట్టున్నారు. నేను వచ్చేసరికి గుమ్మం దగ్గర ఉన్నారు. పోయిన నెల ఆ బస్తాల మధ్యే పడ్డారు. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. విదిలించి, ఎడమ చేత్తో గోడ మీద కొట్టారు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు.

చదువు ఎగ్గొట్టే పిల్లాడిలా ఈయన తప్పించుకుంటున్నారని నాకు ఒళ్ళు మండింది. ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా అన్నాను. జవాబు చెప్పలేని మనిషిని అడిగాను. నా నోరు నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 23
గుమ్మానికి అడ్డంగా స్టూలు పెట్టి దుకాణం కట్టడానికి వెళ్ళాను. నెట్ పోయింది.

ఏప్రిల్ 24
అడవి నుంచి దుకాణానికి ఇప్పపువ్వు వస్తోంది. తూకం నేనే, బేరం నేనే. ఆయన తెలుగు, హిందీ, దోర్లీ, గోండీ అన్నిట్లో బేరమాడేవారు. ఇప్పుడు అన్నీ కలిపి ఒక్క "ఆ". కాళ్ళు లాగుతున్నాయి. ఇంకేమీ రాయలేను.

ఏప్రిల్ 28, మంగళవారం
ఇవాళ్టిది రాసే పడుకుంటాను.

మెయిన్ దించి, షట్టర్ వేసి సందులోకి వస్తే పక్కింటి అత్త ఆపింది. ఎట్ల ఉన్నడు, ఏమన్న మాట్లాడుతున్నడా... ఐదు నిమిషాలు. గదికి వస్తే స్టూలు పక్కకు పడి ఉంది. మంచం ఖాళీ. డబ్బాకి ఒక్కటే లైటు. నేను చూస్తుండగానే రెండోది వెలిగింది. కాసేపటికి మూడోది. ఫోన్‌లోంచి మేడమ్ గొంతు, "సార్ ఎక్కడమ్మా?"

గోడౌన్‌లోంచి పరిగెత్తాను. దుకాణంలో లైటు వెలుగుతోంది. మెయిన్ బోర్డు కింద ఆయన. కుడి భుజం బస్తాలకు ఆనించి, ఎడమ చెయ్యి మెయిన్ పిడి మీద పెట్టి. చొక్కా తడిసిపోయింది. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం కూడా లేదు.

దుకాణం కడితే మెయిన్ దించాలి. ఎప్పుడో గోడౌన్ అంటుకున్నప్పుడు మామగారు పెట్టిన కట్టుబాటు. పెళ్ళైన వారానికే ఈయనే నాకు నేర్పారు. ఇరవై రెండేళ్ళుగా నా చెయ్యి దించుతోంది, బుర్రతో పనిలేదు. ఆ మెయిన్ దుకాణం వరకే, వెనక గది కరెంటు పోదు, కానీ నెట్ డబ్బా దాని మీదే ఉంది. చూద్దామని నేను వెళ్ళినప్పుడల్లా లైటు కోసం మెయిన్ ఎత్తుతున్నాను, అన్నీ వెలుగుతున్నాయి. దించింది నేను. ఎత్తింది నేను. తిరిగింది నేను.

ఆ పిడి చప్పుడు వెనక గదికి వినిపిస్తుంది. ఆయన మొదటి రోజే విన్నారు. రెండు వారాలుగా చెప్పాలని లేస్తున్నారు. నేను గుమ్మానికి స్టూలు పెట్టాను.

ఏప్రిల్ 30
మెయిన్ దించలేదు. అరగంటసేపూ అంటుకుంటుందేమోనని ముక్కుతో వాసన చూస్తూనే కూర్చున్నాను. క్లాసు పూర్తిగా జరిగింది.

మే 2
పొద్దున తనంతట తనే గోడ పట్టుకుని దుకాణంలోకి వచ్చి కూర్చున్నారు. ఇప్పపువ్వు గంపతో ఒక ముసలాయన లోపలికొచ్చి, "జోహార్, సేఠ్" అని దణ్ణం పెట్టాడు.

"జోహార్" అన్నారు ఈయన.

స్పష్టంగా. ముసలాయనకి అందులో వింతేమీ లేదు, గంప దించాడు. నేను బస్తాల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. సంతోషమే. కానీ దాంట్లో ఒక ముల్లు కూడా ఉంది. గంప తెచ్చినవాడి కోసం వచ్చిన మాట నా కోసం ఎందుకు రాదు?

మే 3
మేడమ్‌కి చెప్పాను. వేలసార్లు అన్న మాటలు వాటంతటవే వస్తాయట, అవే ముందు వస్తాయట. మంగళవారం అలాంటిదే ఇంకోటి పట్టుకుందాం అంది. "మీ పేరేంటమ్మా?" చెప్పాను. "సరోజ. మూడే అక్షరాలు. ఇంట్లో రోజూ పిలిచే పేరే కదా, తేలిగ్గా వస్తుంది."

సరే అన్నాను. మేడమ్ చిన్నపిల్ల, ఎలా చెప్పను? నన్ను "ఇగో" అంటారు. కోపమొస్తే "ఏమే". నలుగురిలో "పాప వాళ్ళమ్మ". ఇరవై రెండేళ్ళలో నా పేరు ఆయన నోట ఒక్కసారీ వినలేదు. నేనూ ఆయన పేరు ఎత్తలేదు. మాలో అంతే. లోటని ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు అనిపిస్తోంది.

మే 5, మంగళవారం
మూడు లైట్లూ వెలుగుతున్నాయి. ఒక్కసారి కూడా తెర ఆగలేదు. మేడమ్ "స" అని చూపించింది, మళ్ళీ, మళ్ళీ. ఆయన పళ్ళు కలిశాయి. గాలి వచ్చింది. గొంతు రాలేదు. అరగంట అయిపోయింది.

ఇన్నాళ్ళూ మాట రానందుకు నెట్‌ని తిట్టాను. ఇవాళ తిట్టడానికి ఏదీ మిగల్లేదు.

నాలుగు దాటింది. దుకాణం తెరవాలి. బయట ఎవరో షట్టర్ కొడుతున్నారు. మేడమ్ వెళ్ళి చాలాసేపయింది. ఆయన నా మొహమే చూస్తూ, పళ్ళు కలిపి, ఇంకా "స" దగ్గరే ఉన్నారు...