ఎగిరే పడవ, పొడి బూట్లు

ఎజెల్ దీవి
1916 మే 20

కెల్డా గ్రామంలో పడవలు కట్టే పెద్దలు, కాబోయే మామగారు యెవ్లాంపీ సావిచ్ గారికి నౌకాదళం వడ్రంగి నికోన్ నేల తాకేలా వంగి పెడుతున్న దండం. అత్తగారికో దండం, మీ అమ్మాయి ఉలీటాకో దండం, మీ పిల్లికి కూడా ఒకటి.

మన ఊరి కట్టుబాటు నేను మర్చిపోలేదు. పిల్లను అడిగే మనిషి తన చేతులతో పడవ కట్టి, పిల్ల తండ్రిని అందులో ఏరు దాటించాలి. అవతలి గట్టున ఆయన ఉన్ని ఫెల్టు బూట్లు పొడిగా ఉండాలి. యుద్ధం పుణ్యమా అని నాకు సెలవు దొరకదు. అయితే ఇక్కడ నేనొక పడవకు అడుగంతా కొత్తగా కట్టాను. దయచేసి దాన్నే నా పడవగా ఒప్పుకోండి.

అది ఎగిరే పడవ. పైన రెక్కలు, కింద రెక్కలు, వీపు వెనక ఇంజను. లెఫ్టినెంట్ వెరిగిన్ నడుపుతాడు, పక్కన నేను కూర్చుంటాను. నీళ్ళ మీద పరిగెత్తీ పరిగెత్తీ, ఉన్నట్టుండి అడుగున నీటి చప్పుడు ఆగిపోతుంది. మనం సముద్రం మీద లేమని అప్పుడు తెలుస్తుంది. కింద పొగమంచు మీగడలా పరుచుకుని ఉంటుంది. దాని మీద మా నీడ మెల్లగా మా వెంటే వస్తుంది. జర్మను ఓడలను వెతకడానికి బయల్దేరామన్న సంగతే కాసేపు గుర్తుండదు.

మీ కాబోయే అల్లుడు
నికోన్

తా.క. దీనికి తెడ్లు లేవు. మీరు అడుగుతారని ముందే చెబుతున్నాను.


కెల్డా
జూన్ 14

అబ్బాయి నికోన్‌కు యెవ్లాంపీ దీవించి రాసేది. నేను నీకింకా మామను కాను, తొందరపడకు. పిల్లికి నీ దండం అందింది.

నీ ఉత్తరం రేవులో అందరికీ చదివి వినిపించాను. పడవ నీళ్ళలోంచి లేచిపోతోందంటే కలప పుచ్చిపోయి బరువు లేకుండా ఉందన్నమాటేనని ముసలి పఖోమ్ తేల్చాడు. నాకూ అదే అనిపించింది. నీళ్ళంటే గిట్టని పడవను కట్టినవాడికి పిల్లనెలా ఇస్తాను? అయినా నీ మీద జాలితో ఒక పీపా తారు, ఒక కట్ట ఫర్ చెట్టు వేళ్ళు పంపుతున్నాను. మేకులు పీకేసి అడుగు చెక్కల్ని ఆ చెట్టు వేళ్ళతో కుట్టు. తారు రెండు పూతలు వెయ్యి. బుద్ధిగా నీళ్ళలో కూర్చుంటుంది.

ఉప్పుచేపల వ్యాపారి ప్రోక్ల్ కూడా పడవ మొదలుపెట్టాడు. అక్టోబరు ఒకటిన పొక్రోవ్ పండుగనాడు నన్ను ఏరు దాటించి, ఆ వారమే పెళ్ళి చేసుకుంటాడట. మనిషి మంచివాడే.

నీ మేలు కోరే
యెవ్లాంపీ

తా.క. నీ పడవ కలలోకి వచ్చింది. చర్చి గంట మీదుగా మెత్తగా, చడీచప్పుడు లేకుండా వెళ్ళింది. కింద నిలబడి అడుగు ఎక్కడైనా కారుతోందా అని చూశాను. ఒక చుక్క నా ముక్కు మీద పడింది.


ఎజెల్
జూలై 9

గౌరవనీయులు యెవ్లాంపీ సావిచ్ గారికి, మామ అనొద్దన్నారు కనుక అనకుండా, నికోన్ దండాలు.

మీరు చెప్పినట్టే కుట్టాను, తారు రెండు పూతలు వేశాను. లెఫ్టినెంట్ ఎక్కాడు, ఇంజను అరిచింది. పడవ అఖాతం ఈ చివరి నుంచి ఆ చివరికి బాతులా పోయింది గాని ఒక్క వేలెత్తు లేవలేదు. అడ్మిరల్ గారు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. నన్ను మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేశారు.

బయటికొచ్చాక తారంతా గీకేశాను. కుట్లు మాత్రం విప్పలేదు, వాటి మీద నాకు నమ్మకం కుదిరింది. పడవ లేవాలంటే బరువు తగ్గాలి, అడుగును నీరు వదలాలి. అందుకే అడుగున సగం దూరంలో గడపలాగా ఒక తెంపు పెడతారు. అక్కడ గాలి దూరి నీటి పట్టు విడిపిస్తుంది.

ప్రోక్ల్ సంగతి చదివాక అన్నం సయించడం లేదు.

మీ నికోన్

తా.క. తారు పీపాతో పాటు మీరు పంపిన బెర్రీ పళ్ళ పాకం లెఫ్టినెంట్‌కు ఇచ్చాను. లేకపోతే నా శిక్ష ఐదు రోజులయ్యేది.


కెల్డా
ఆగస్టు 3

ఖైదీ నికోన్‌కు యెవ్లాంపీ రాసేది. దేవుడు నీకు ఓర్పునిచ్చుగాక.

నువ్వు అడ్మిరల్ పడవను ముంచబోయి జైలుపాలయ్యావని ఊరంతటికీ తెలిసింది. ఆదివారం పాద్రీ ఖైదీల ప్రార్థనలో నీ పేరు చదివాడు. ఆడవాళ్ళు ఆనవాయితీ ప్రకారం జైలుకు రొట్టెలు ఎండబెట్టారు. ఒక బస్తా పంపుతున్నాం. పైగా కావాలని పడవ అడుగును తెంపానంటావు! నలభై ఏళ్ళలో అలాంటి పని చేసినవాణ్ణి నేను చూడలేదు. ఖైదీకి పిల్లనిస్తే రేవులో తలెత్తుకోలేను, ఆలోచించు.

ఆ గడప ఎంత ఎత్తో రాయమని ఉలీటా పోరుతోంది. ఈ పిల్ల ధ్యాసేమిటో నాకర్థం కాదు.

యెవ్లాంపీ

తా.క. రొట్టెల్లో సగం కాపలావాడికి పెట్టు. అలాగైతే కొట్టరని పఖోమ్ చెప్పాడు. ఎలా తెలుసో చెప్పలేదు.


ఎజెల్
సెప్టెంబరు 8

యెవ్లాంపీ సావిచ్ గారికి, ఖైదీ కాని నికోన్ దండాలు.

మీ రొట్టెలే మా ప్రాణం నిలబెట్టాయి. పోయిన వారం సముద్రం మధ్యలో ఇంజను ఆగిపోయి పొగమంచులోకి దిగాం. ఒకటిన్నర రోజు తేలుతూ ఉన్నాం. ఎటు చూసినా తెలుపే. ఆకాశమేదో నీరేదో తెలియక, ఇంకా ఎగురుతూనే ఉన్నామేమోనని లెఫ్టినెంట్ రెండుసార్లు చెయ్యి కిందికి పెట్టి చూశాడు. రొట్టెలు నానబెట్టుకు తిన్నాం. ఆ తెలుపులో చావు భయం కన్నా, ఉలీటా ప్రోక్ల్ ఇంట్లో చేపలు ఎండబెడుతుందన్న దిగులే నన్ను ఎక్కువ తినేసింది. ఆమె లేకుండా నేను ఉండలేను. సిగ్గు విడిచి రాస్తున్నాను.

మర పడవొకటి వచ్చి కట్టి లాక్కెళ్ళే దాకా కుట్లు ఒక్క చుక్క లోపలికి రానివ్వలేదు. తన బూట్లు పొడిగా ఉన్నాయని లెఫ్టినెంట్ సంతకం, ముద్ర వేసి ఇచ్చిన కాగితం జతచేశాను. పొక్రోవ్ నాటికి నాకు సెలవు రాదు. ఈ కాగితమే నేననుకోండి.

మీ నికోన్

తా.క. సాయం కోసం, పడవలో ఉంచుకునే వార్తల పావురాన్ని వదిలాం. పొగమంచులో ఒక చుట్టు తిరిగి వచ్చి రెక్క మీద కూర్చుంది. అదీ రొట్టె తింది. గడప మూడు వేళ్ళ ఎత్తు.


కెల్డా
అక్టోబరు 2

నికోన్‌కు, ఏమని పిలవాలో తెలియని యెవ్లాంపీ రాసేది.

నీ కాగితం పెద్దలు ఒప్పుకోలేదు. లెఫ్టినెంట్ బూట్లు పొడిగా ఉంటే లెఫ్టినెంట్ కూతుర్నే అడుక్కోమన్నాడు పఖోమ్.

నిన్న పొక్రోవ్. ప్రోక్ల్ పడవ రేవులో సిద్ధంగా ఉంది. నేను కాలు పెట్టబోతుంటే షెడ్డు వెనక నుంచి ఉలీటా ఒక చిన్న పడవ నడుపుకుంటూ వచ్చింది. "ముందు ఇందులో ఎక్కు నాన్నా," అంది. ఎవరు కట్టారే అంటే, "నేనే," అంది. వేసవంతా బెర్రీలు ఏరడానికని చెప్పి వెళ్ళింది ఇందుకట. ఫర్ చెట్టు వేళ్ళతో కుట్టింది. అడుగున మూడు వేళ్ళ గడప కూడా పెట్టింది. తెడ్ల పడవకు అది దండగే అన్నాను. ఇంజను వచ్చాక చూద్దాం అంది.

అవతలి గట్టున బూట్లు విప్పి చూశారు. పొడిగా ఉన్నాయి. నా కళ్ళే తడిశాయి. నలభై ఏళ్ళు పడవలు కట్టాను, నికోన్, కూతురి చేతికి ఒక్కనాడు ఉలి ఇవ్వలేదు.

తండ్రిని పొడి బూట్లతో దాటించినవారికే పిల్ల అంటుంది కట్టుబాటు. ఆ మనిషి మగవాడే కావాలని ఎక్కడా లేదు. పెద్దలు చాలాసేపు ఆలోచించారు, పఖోమ్ చుట్ట రెండుసార్లు ఆరిపోయింది. చివరికి ఉలీటాకు ఉలీటానే దక్కిందని తీర్పు చెప్పారు. ఇక నేను ఎవరికీ ఇవ్వడానికి లేదు.

యెవ్లాంపీ

తా.క. మర్యాద కోసం తిరిగి ప్రోక్ల్ పడవలో వచ్చాను. బూట్లు పొయ్యి మీద ఆరుతున్నాయి.

ఇంకో తా.క. నికోన్, నేను ఉలీటాను. నువ్వు మొత్తం మూడు ఉత్తరాలు రాశావు, మూడూ నాన్నకే. మా పిల్లికి కూడా దండం పెట్టావు గాని, నన్ను చేసుకుంటావా అని నన్ను అడగలేదు. ఇకనుంచి నాకు రాయి. జవాబు ఏమిటో ముందుగా చెప్పను.