ఇంజన్ కొండెక్కింది

జూన్ 2, ఆదివారం

పెద్దమ్మ ఇంటికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మ. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. కొండ మీద ఊళ్లో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. ఆ దారి నిండా మలుపులే. మాది మూడో మలుపు వరకు కారు. ఆ తర్వాత సామాను.

నాన్న కొన్న కారు ఇది. వయసులో నాకంటే పెద్దది. తళతళలాడుతుంది. దారిలో ఆపి మరీ ఫొటోలు తీసుకుంటారు. కొండ ఎక్కడం ఒక్కటే రాదు. నా చిన్నప్పటి నుంచీ అంతే. మూడో మలుపులో అందరం దిగి నడవడం, నాన్న ఖాళీ కారును పైకి తెచ్చి మా కోసం ఆగడం. నాన్న పోయాక ఆ ఉద్యోగం నాకొచ్చింది.

ఈ రోజు అమ్మ దిగింది. నాలుగడుగులు వేసి రాయి మీద కూలబడింది. మోకాళ్లు. మేం అలా ఉండగానే పక్క నుంచి బస్సు వెళ్లింది. ట్రాక్టరు వెళ్లింది. ఐస్‌క్రీమ్ బండి తోసుకుంటూ ఒకాయన వెళ్లాడు, మా వైపు జాలిగా చూస్తూ.

"ఈ కారులో నేనిక రాలేనురా," అంది అమ్మ. "అక్కను ఫోన్లో చూస్తాలే."

పెద్దమ్మకు చూపు బాగా తగ్గింది. ఫోన్లో మా మొహాలు ఆమెకు మసక మచ్చలు. కళ్లద్దాలు చేసిచ్చింది నేనే, నా షాపులోనే. అవి పెట్టుకున్నా మచ్చలే. కాస్త పెద్ద మచ్చలు.

వెనక్కి తిప్పాం. దారంతా అమ్మ వెనక్కి తిరిగి కొండ వైపే చూసింది.

నిర్ణయం! ఈ కారుకు పెద్ద ఇంజన్ వేయిస్తాను. నెలాఖరుకల్లా అమ్మ మధ్యలో దిగే పని లేకుండా నేరుగా అక్క గుమ్మం ముందు దిగాలి. అంతే. తిరుగులేదు.

మా ఆవిడ: "టాక్సీ మాట్లాడుకుంటే పోదా?"

సరిగ్గా వినపడలేదు.

జూన్ 3, సోమవారం

మా వీధి చివరి మెకానిక్‌ను అందరూ 'అయిపోతుంది గారు' అంటారు. ఏమడిగినా ఆయన అనేది అదే.

"ఇందులో పెద్ద ఇంజన్ పడుతుందా?"

"అయిపోతుందండీ."

"కష్టమేమో?"

"అయిపోతుందండీ."

బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. పెట్రోలు ఘాటు అనుకున్నాను. కాదు. "ఈవిడకు మనసు పెద్దదండీ, గుండే చిన్నది. మార్చేద్దాం," అన్నాడు.

వెనక నుంచి లారీ గుద్దేసిన సరుకుల వ్యాన్ ఒకటి షెడ్డు వెనక పడి ఉంది. ముందు భాగం చెక్కుచెదరలేదు. దాని ఇంజన్ బలం మాదానికి రెండింతల పైమాటే! ఇంతకంటే శుభవార్త ఏముంటుంది. వ్యాన్ డ్రైవరుకు కూడా ఏమీ కాలేదట. అది కూడా శుభవార్తే.

జూన్ 5, బుధవారం

పాత ఇంజన్ బయటికి వచ్చేసింది. గొలుసుల కప్పీతో పైకి లాగితే పాలపన్ను ఊడినట్టు ఊడింది. ఖాళీ చోటులో నేను నిలబడి చూశాను. హాయిగా పట్టాను. నేను పట్టిన చోట ఇంజన్ పట్టదా?

అమ్మకు నిజం చెప్పలేదు. కారుకు రంగు వేయిస్తున్నానన్నాను. పూర్తయ్యాక ఒక్కసారిగా చూపించాలని.

"ఏం రంగురా?" అంది అమ్మ.

అది ఆలోచించలేదు. "అదే రంగు," అన్నాను.

జూన్ 8, శనివారం

పట్టలేదు.

వ్యాన్ ఇంజన్ కింది భాగం స్టీరింగ్ కడ్డీకి తగులుతోంది. ఇంజన్ ఉండాలి, లేదా కారు పక్కకు తిరగాలి. రెండూ కలిసి కుదరవు. కొండ దారి కదా, తిరగడం కూడా ముఖ్యమే అని చెప్పాను. అయిపోతుంది గారు ఒప్పుకున్నాడు.

ఉపాయం ఆయనే చెప్పాడు. ఇంజన్‌ను జానెడు పైకి లేపుదాం. లేపాం. స్టీరింగ్ తిరిగింది! బానెట్ మూతపడలేదు. మూతపడనిది ఏదైనా గాలి తగిలి చల్లగా ఉంటుందట. మంచిదేనట.

జూన్ 11, మంగళవారం

రేడియేటర్ పట్టడం లేదు. వైర్లు కలవడం లేదు. వ్యాన్‌లో నల్ల వైరు చేసే పని మా కారులో పసుపు వైరు చేస్తోంది. ఇండికేటర్ వేస్తే హారన్ మోగింది. ఒక రకంగా మేలే, తిరుగుతున్నానని అందరికీ తెలుస్తుంది.

షాపులో ఒక పెద్దావిడ కళ్లు మసకగా ఉన్నాయంటూ వచ్చింది. "ముందు విప్పి చూద్దామండీ," అన్నాను. ఆవిడ పర్సు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఫ్యాన్ రెక్క తగిలి అరచెయ్యి తెగింది. మా ఆవిడ నర్సు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చి చెప్పులైనా విప్పకుండా కట్టు కట్టింది.

"ఒక్కటి అడుగుతాను, చెబుతారా?"

"అడుగు."

"అది ఎంత వేగంగా వెళ్తుందో మీరిద్దరూ రోజూ చెబుతున్నారు. ఆగడం ఎలా?"

"బ్రేకులున్నాయిగా."

"ఆ బ్రేకులు ఏ ఇంజన్‌వి?"

చెయ్యి బాగా మండింది. జవాబు చెప్పే పరిస్థితిలో లేను.

జూన్ 17, సోమవారం

ఇంజన్ మార్చాలంటే రవాణా ఆఫీసు అనుమతి కావాలట. వెళ్లాను. అక్కడి గుమస్తా చాలా మర్యాదస్తుడు. అనుమతి కావాలంటే ముందు ఇంజన్ వేసిన బండి తెచ్చి చూపించాలన్నాడు. అనుమతి లేకుండా ఆ బండిని రోడ్డెక్కించకూడదన్నాడు. మరి తేవడం ఎలా అన్నాను. చాలామంది ఇదే అడుగుతారండీ అన్నాడు.

వాన మొదలైంది. బానెట్ మూతపడదు కాబట్టి ఇంజన్ మీద మా పాత పరుపు కవరు కప్పాం.

జూన్ 19, బుధవారం

వాన. షెడ్డుకు వెళ్లలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడకు ఈ రోజు సెలవు, అమ్మను తీసుకుని ఎటో వెళ్లినట్టుంది. పాపం, అమ్మకు తోచడం లేదేమో. ఇంకొన్నాళ్లే అమ్మా!

జూన్ 20, గురువారం

వాన లేదు. పడుతుందేమోనని వెళ్లలేదు.

జూన్ 24, సోమవారం

స్టార్ట్ అయింది!!

ఏం చప్పుడది! గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. మా పక్కింటి డ్రాయింగ్ మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, ట్యాంకర్ ఏదైనా పేలిందేమోనని. అయిపోతుంది గారు నన్ను కావలించుకున్నాడు. నేనూ కావలించుకున్నాను. మాస్టారు మాత్రం చెవులు మూసుకుని దూరంగా నిలబడ్డాడు.

గేరు వేశాను. క్లచ్ వదిలాను. ఇంజన్ ముందుకు దూకబోయింది. కారు ఉన్నచోటే ఉంది. అడుగున ఏదో చెరుకు గడ విరిచినట్టు శబ్దం.

వెనక చక్రాలకు బలం అందించే కడ్డీ మెలితిరిగిపోయింది. ఇంత బలం అది పుట్టి ఎరగదు పాపం.

"దీనికీ వ్యాన్‌దే వేసేద్దామండీ," అన్నాడు అయిపోతుంది గారు. వెనక ఇరుసు కూడా వ్యాన్‌దే వేద్దామన్నాడు. ఆ లెక్కన చివరికి మిగిలేది వ్యానే కదా అన్నాను. కాసేపు ఆలోచించాడు. "తలుపులు ఈవిడవే కదండీ," అన్నాడు.

జూన్ 28, శుక్రవారం

వ్యాన్ కడ్డీ, ఇరుసు వేశాక ఈ రోజు కారు కదిలింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

షెడ్డులోంచి వీధిలోకి వచ్చాను. అలా కాలు ఆనించానంతే. మా ఇల్లు వచ్చింది. మా ఇల్లు వెళ్లిపోయింది. బ్రేకు తొక్కాను. కారుకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. రెండు కాళ్లతో తొక్కాను. మాస్టారు కొత్త గది కట్టిస్తున్నాడు, గేటు ముందు ఇసుక పోయించాడు. కారు ఆగింది. ఆపింది నేను కాదు, ఇసుక.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వీధిలో ఎవరూ లేకపోవడం మా అదృష్టం. తలుపు తెరవబోతే చెయ్యి రాలేదు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొండ దిగుతున్నట్టు ఒక్క క్షణం కళ్ల ముందు కనిపించింది. ఆ దారి పక్కన ఇసుక ఉండదు. లోయ ఉంటుంది.

అయిపోతుంది గారు పరిగెత్తుకొచ్చాడు. కారు ముక్కు ఇసుకలో కూరుకుపోయి ఉంది. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత అన్నాడు.

"అయిపోయిందండీ."

జూన్ 30, ఆదివారం

నెలాఖరు. దీని గురించి రాయడానికి ఏమీ లేదు.

జూలై 4, గురువారం

కొండ మీది నుంచి వదిన ఫోన్. పెద్దమ్మ కోడలు.

"మరిదిగారూ, చిన్నత్తయ్య గొడుగు ఇక్కడే మరిచిపోయారు. వచ్చే బుధవారం దాకా తడుస్తారేమోనని చెబుతున్నాను."

"ఎవరి గొడుగు?"

"మీ అమ్మగారిదేనండీ. నిన్న వచ్చారు కదా."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నువ్వు కొండ మీదికి వెళ్తున్నావా?"

"ఆ. బుధవారం బుధవారం." చేతిలో పని ఆపలేదు. "కోడలికి సెలవు కదా. అది తీసుకెళ్తోంది, బస్సులో. కండక్టరు మంచివాడురా, చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు. అక్క ఇంటి ముందే ఆపుతాడు."

"మరి ఇన్నేళ్లూ బస్సెక్కుతానని ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్న కారును తుడిచి, పొద్దున్నే గుమ్మంలో పెట్టి, ఎక్కమ్మా అంటావు. కాదని బస్సెక్కితే నువ్వు చిన్నబుచ్చుకోవూ?" ఇంకో రెండు కాయలు తీసింది. "ఇప్పుడంటే కారు లేదు కదా. ప్రాణం హాయిగా ఉంది."

"నేను నీ కోసమే..."

"తెలుసులే. రంగు వెయ్యడానికి ఎవడైనా ఇంజన్ పీకుతాడట్రా?"

మా ఆవిడ స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని వీపు చూస్తేనే తెలుస్తోంది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆకలేసింది. అన్నం పెట్టమన్నాను.

జూలై 9, మంగళవారం

కారుకు పాత ఇంజన్ పెట్టేశాం. సొంత ఇంట్లోకి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. బ్రేకులు కొత్తవి వేయించాను. బానెట్ మూతపడింది. ముక్కు దగ్గర సొట్ట అలాగే ఉంది. ఇండికేటర్ వేస్తే ఇప్పటికీ హారన్ మోగుతోంది.

వ్యాన్ ఇంజన్‌ను తాత్కాలికంగా మా వసారాలో దింపారు. సాయంత్రం వచ్చి చూద్దును కదా, దాని మీద దిండు వేసుకుని అమ్మ కూర్చుని ఉంది. పేపరు చదువుతోంది. కుర్చీ కంటే ఇదే నయమట. కూర్చున్నా లేచినా మోకాళ్లు నొప్పెట్టని ఎత్తట.

మొత్తానికి ఆ ఇంజన్ అమ్మ మోకాళ్లకు పనికొచ్చింది.

జూలై 10, బుధవారం

వాళ్లిద్దరూ పొద్దున బస్సులో వెళ్లారు. మధ్యాహ్నం షాపులో బేరాలు లేవు. కారు తీశాను. ఒక్కడినే కాబట్టి మూలుగుతూ అయినా అన్ని మలుపులూ ఎక్కింది. తీరా వెళ్లేసరికి అక్కాచెల్లెళ్లు వరండాలో ఒకే దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు.

పెద్దమ్మ చేత్తో తడుముకుంటూ కారు చుట్టూ తిరిగింది. సొట్ట దగ్గర ఆగింది. "ఇదేనా ఆ ఇసుక?" అంది. ఇక్కడికి వార్తలన్నీ బస్సులో వచ్చేస్తున్నాయన్నమాట.

"ఒరేయ్, ఇది ఎక్కడం సంగతి సరే. దిగుతుందా?"

"దిగడం దీనికి బాగా వచ్చు పెద్దమ్మా."

"అయితే నన్ను మీ ఇంటికి తీసుకెళ్లు. బస్సు వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది. కొండ దిగి ఎన్నాళ్లయిందో."

ఇన్నాళ్లూ పెద్దమ్మను ఇలా దింపొచ్చని మా ఎవరికీ తట్టలేదు. అందరం ఎక్కడం గురించే ఆలోచించాం.

నలుగురం దిగాం. రెండో గేరులో, నెమ్మదిగా. బ్రేకు పడుతోందో లేదోనని ప్రతి మలుపుకూ మా ఆవిడ నా కాలు వైపే చూసింది. వెనక సీట్లో చిన్నప్పుడు పలక ఎవరు పగలగొట్టారన్న గొడవ. ఇల్లు చేరేసరికి అమ్మ పగలగొట్టినట్టు తేలింది. అమ్మ ఒప్పుకోలేదు.

జూలై 21, ఆదివారం

వదిన మళ్లీ ఫోన్ చేసింది. అత్తయ్యను ఎప్పుడు తీసుకొస్తారని. నిజమే, అడగాల్సిన మాటే. పెద్దమ్మ కింద ఉంది. ఇల్లు పైన ఉంది. బస్సు పడదు. టాక్సీ అంటే ముక్కూ మొహం తెలియనివాడి పక్కన కూర్చోనంటుంది.

మా ఆవిడ: "పెద్దత్తయ్యను మీరు కారులో తీసుకెళ్లండి. అత్తయ్యను నేను బస్సులో తీసుకొస్తాను. అయిపోయె."

"అదెలాగే?" అంది పెద్దమ్మ. "దాన్ని వదిలి నేనొక్కదాన్నే వెళ్లను. వెళ్తే ఇద్దరం పక్కపక్కన కూర్చునే వెళ్తాం. మధ్యలో దిగం."

అమ్మ తలూపింది. పలక విషయంలో తప్ప వాళ్లిద్దరూ దేనిలోనైనా ఒక్కటే.

అయిపోతుంది గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా కోసమే చూస్తున్నట్టున్నాడు. "వ్యాన్‌ది మరీ పెద్దదండీ. ఈవిడది మరీ చిన్నది. మధ్యరకం ఒకటి కంటపడింది," అన్నాడు. మెల్లగా అన్నాడు, చుట్టూ చూసి. కొలతలు తీశాం. స్టీరింగ్‌కు తగలదు. బానెట్ మూతపడుతుంది. బ్రేకులు ముందే ఉన్నాయి!

నిర్ణయం! ఇద్దరినీ కూర్చోబెట్టుకుని, ఎవరూ దిగకుండా, పై దాకా! తిరుగులేదు!

ఇంటికొచ్చి చెప్పాను. పెద్దమ్మ వ్యాన్ ఇంజన్ మీద కూర్చుని ఉంది. అమ్మ వెనక కుర్చీ వేసుకుని ఆమెకు జడ అల్లుతోంది.

"ఎన్నాళ్లు పడుతుందిరా?" అంది పెద్దమ్మ.

"పదిహేను రోజుల్లో పంపించేస్తాను పెద్దమ్మా."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"అంత తొందరేంట్రా," అంది పెద్దమ్మ. "బండి పని. నిదానంగా చేయించు."

"అవున్రా," అంది అమ్మ. "వానలు కూడా వెలియనీ."

రేపు పొద్దున్నే పాత ఇంజన్ దింపుతున్నాం. ఇది రాస్తుంటే వసారాలోంచి పెద్దమ్మ కేక:

"ఒరేయ్, ఎల్లుండి దింపితే కాదా?"