తుడవని ఆకాశం

ఏమండీ,

ఈ మే నెలకు మీరు పోయి ఏడాది. మీరు నీటిరంగుల్లో వేసిన కృష్ణ ఒడ్డు బొమ్మకు ఫ్రేము మార్పించడానికి గవర్నర్‌పేట వెళ్లాను. ఆకాశానికి మీరు వేసిన మట్టిపసుపు చూసి కొట్టతను తడిగుడ్డ అందుకున్నాడు.

“దుమ్ము పట్టేసిందండి, అమ్మగారూ. తుడిస్తే నీలం బయటపడుద్ది.”

“చెయ్యి తియ్యి. దాని కింద నీలం లేదు. అది మన ఎండాకాలపు ఆకాశం.”

విదేశీ బొమ్మల నీలం మనకెందుకని, మన దేశపు చిత్రానికి మన ఎండే కావాలని మీరూ మీ స్నేహితులూ మన వరండాలో ఏళ్ల తరబడి వాదించుకున్న సంగతి చెప్పాను. అతను వీధిలోకి వెళ్లి తలెత్తి చూశాడు.

“నిజమేనండి, ఇదే రంగు,” అంటూ గుడ్డ పక్కన పెట్టేశాడు.

మీరుంటే వెంటనే అతనికి టీ తెప్పించేవారు. నేనూ తెప్పించాను, అతను వంకరగా బిగించిన కొత్త ఫ్రేమును సరిచేయించాక.