తరన్నుమ్‌కు కోచింగ్

కోరుట్ల, 15-9-2011

సైకాలజిస్టు మానస మేడమ్‌కు గడియారాల మునావర్ సలాం.

మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటలకు జగిత్యాలల మీ ముందల మా బిడ్డ తరన్నుమ్ ఫెయిలయింది. నాలుగేండ్ల పిల్ల. పిలిస్తే తిరగలే. బొమ్మకు బువ్వ పెట్టుమంటే బొమ్మ చెయ్యి తిప్పుకుంట కూసుంది. ఇంకో చాన్సియ్యుండ్రి. మీరిచ్చిన ఇరవై ప్రశ్నల ఫారం ట్యూషన్ సారుతోని నింపిచ్చి పంపుతున్న, ఇరవైకి ఇరవై అచ్చేటట్టు.

మీ మునావర్

మరిచిన: సిరిసిల్ల నుంచి మా అత్త రషీదాబీ అచ్చింది. కోచింగ్ షురువైంది.

జగిత్యాల, 20-9-2011

మునావర్ గారికి నమస్కారం.

ఇందులో పాస్, ఫెయిల్ లేవు. వినికిడి బాగానే ఉందని రిపోర్టు వచ్చింది. ఆటిజం ఉందో లేదో రక్తం తీస్తే తెలియదు. పాప ఎలా ఆడుతుంది, కావలసింది వేలితో చూపిస్తుందా అన్నవి చూసి, మీరు చెప్పేది విని తేల్చాలి. మీ ఫారం ప్రకారం ఏ ఇబ్బందీ లేదు. నా దగ్గర నలభై నిమిషాల్లో ఒక్కసారీ నా ముఖం చూడలేదు. కోచింగ్ ఆపి, ఇంట్లో మామూలుగా ఉన్నప్పుడు వీడియో తీసి పంపండి.

మానస

తా.క.: ‘తోటి పిల్లలతో ఆడుతుందా’ అన్నచోట ‘జిల్లా స్థాయిలో’ అని రాసి ఉంది.

కోరుట్ల, 1-10-2011

మేడమ్‌కు సలాం.

సమ్మెల బస్సులు బందు. సీడీ పోస్టుల పంపుతున్న. పెండ్లిళ్ల వీడియోల ఫరూఖ్ తీసిండు. పిలువంగనే తిరిగింది, సలాం చేసింది. ఏం లేదని సర్టిఫికెట్ రాసియ్యుండ్రి. నా భార్య సల్మా పదిహేను దినాల సంది అన్నం సరిగ తింటలేదు.

మునావర్

మరిచిన: వీడియో మీద పాట, గులాబీలు ఫరూఖ్ ఏసినయే. అద్దన్నా ఇనలే.

జగిత్యాల, 8-10-2011

మునావర్ గారికి,

చూశాను. పాప తొమ్మిదిసార్లు తిరిగింది. తొమ్మిదిసార్లూ కెమెరా పక్కన ఒక చేతిలో రస్కు ఉంది. పాప రస్కును చూసింది, మనిషిని కాదు. ఏమీ లేదని నేను రాస్తే మాటలు నేర్పే శిక్షణకు పాపను తీసుకోరు. ఈ నెల 25 తర్వాత నేను జగిత్యాల రాను. ఖాళీ ఫారం మళ్లీ పెడుతున్నాను.

మానస

తా.క.: ఆ చేతి గాజులు బాగున్నాయి.

కోరుట్ల, 14-10-2011

మేడమ్‌కు సలాం.

మీ ఉత్తరం ఇంట్ల చదివిన. అత్త గాజులు కొంగుల దాసుకుంది. జరసేపటికి “పెన్ను తియ్యి, నేను చెప్త” అన్నది. “పిలిస్తే పలుకుతదా? లేదు, రాయి. ఏలుతోని చూపిస్తదా? లేదు. అమ్మమ్మను, నన్ను నానీ అన్నదా? నాలుగేండ్లల్ల ఒక్కపారి అనలే. గది గూడ రాయి” అన్నది. ఫారంల గా ప్రశ్న లేదు. కింద అంచుకు రాసిన.

ఇరవైట్ల పదిహేడు ‘లేదు’. సల్మా శానసేపు ఏడ్సింది. ఆనాడు కడుపునిండ తిన్నది.

మునావర్

మరిచిన: 25 నాడు బస్సున్నా లేకున్నా ఫరూఖ్ ఆటోల పొద్దున తొమ్మిదింటికి ఎల్తం. పదింటికి మీ దగ్గరుంటం. అత్త లోపలికి రాదంట, బయటనే కూసుంటదంట.